మా ఇంటి బాదం చెట్టు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక విషయం వ్రాయమని కార్యదర్శిగారు కోరినపుడు నాకు రాజులూ కోటలూ తోచలేదు. మా ఇంటి ముందున్న చెట్టు తోచింది.

సభ్యులలో చాలామంది పిల్లల వద్దకు అమెరికా వెళ్ళి వచ్చినవారే. అక్టోబరులో అక్కడ ఎర్రబడిన మేపుల్ చెట్ల ఫోటోలు నాకు చూపిస్తుంటారు. మన కాకినాడలోనూ అటువంటి చెట్టు ఉన్నది. అది నాటు బాదం. శిశిర ఋతువు వచ్చేసరికి దాని ఆకులు పసుపు, నారింజ, ఆపై కుంకుమ రంగుకు తిరిగి రాలుతాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్లు, మనం దానిని లెక్కచేయము.

బాదం అన్నది పారశీక పదం. పాయసంలో వేసుకునే అసలు బాదం గులాబీ కుటుంబానికి చెందినది. మన చెట్టు కరక, తాని, మద్ది చెట్లకు దాయాది. పప్పు రుచి కలిసినందున పేరు కలిసింది. దీని కాయలు తేలికైన పీచుతో సముద్రం మీద తేలుతూ తీరాలకు చేరగలవు.

కొచ్చిలో డచ్చివారి అధికారిగా ఉన్న వాన్ రీడ్, స్థానిక వైద్యుల సాయంతో తయారుచేయించిన ‘హోర్టస్ మలబారికస్’ అను 12 సంపుటాల గ్రంథం 1678-1693 మధ్య ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయినది. అందులో ఈ చెట్టు బొమ్మతో సహా ఉన్నది. 1767లో లినేయస్ దీనికి ‘టెర్మినాలియా కటప్పా’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆకులు కొమ్మల చివర గుత్తులుగా ఉంటాయి గనుక మొదటి మాట. రెండవది మలయా భాషలోని ‘కెటపాంగ్’. మన సామర్లకోటలో 1781 నుండి 1793 వరకు కంపెనీవారి తోట నడిపిన డాక్టర్ రాక్స్‌బరో తన ‘ఫ్లోరా ఇండికా’లో దీనిని వర్ణించాడు. ఆయన పోయిన తరువాత, 1832లో, ఆ గ్రంథం శ్రీరాంపూరులో అచ్చయినది.

ఇక మా చెట్టు చరిత్ర. 1982లో ఇల్లు కట్టుకున్నపుడు నా భార్య ఒక కాయ తెచ్చి నాటింది. ముదురాకులతో విస్తళ్ళు కుట్టేది. 1996 నవంబరు 6 నాటి తుపానులో రెండు కొమ్మలు విరిగి, ఒక్క ఆకు మిగలలేదు. నెల తిరగకముందే చిగిర్చింది.

ఆమె 2019లో కాలం చేసింది. తరువాత ఆకులు ఊడ్చేవారు లేక పక్కింటివారి కాలువ పూడిపోయి మాటలు పెరిగాయి. చెట్టు కొట్టించి కారు షెడ్డు వేద్దామన్నాడు మా అబ్బాయి. నేనూ సరేనన్నాను. మనిషి వచ్చేలోగా వాకిలి శుభ్రం చేద్దామని చీపురు పట్టుకున్నాను. మొదట్లో తవ్విన గుంతలో ఆకులు వేయబోతే అడుగున మట్టి నల్లగా, మెత్తగా తగిలింది. ముప్పైయేడేళ్ళు ఆమె ఊడ్చిన ఆకులన్నీ అక్కడే ఉన్నాయి.

ఆకు రాలేముందు పచ్చదనం విరిగిపోయి, అందులోని నత్రజని, భాస్వరం చాలావరకు కొమ్మలోకి తిరిగి వెళ్తాయి. ఆ సమయంలోనే ఆకు ఎర్రబడుతుంది. ఛార్జి అప్పగించనిదే సీటు దిగని ఉద్యోగి వంటిది ఆకు. మిగిలినది మట్టిలో చేరుతుంది. ఇదంతా ఆమె పుస్తకాలు చదవకుండానే చేసింది.

వచ్చిన మనిషికి రోజు కూలి ఇచ్చి పంపివేశాను. అబ్బాయి రెండు రోజులు మాట్లాడలేదు. పక్కింటివారి కాలువ కూడా నేనే ఊడుస్తానని ఒప్పందం చేసుకున్నాను. కారు వీధిలోనే ఉంటున్నది.

నాటదలచినవారికి నాలుగు మాటలు: తాజా కాయ నాటండి. గోడకు ఇరవై అడుగుల దూరం ఉంచండి. ఎండ బాగా తగిలితేనే రంగు తేరుతుంది. మొదటి రెండు వేసవులు నీరు పోయండి. కొమ్మలు నరకకండి, గొడుగు మీద గొడుగు పెట్టినట్లుండే అందం పోతుంది.

నాకిప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. తెల్లవారుజామున చీపురు పట్టుకుంటే గంట పని. మాఘమాసంలో మా వీధికి వచ్చే సభ్యులు ఒక్క నిమిషం ఆగి తలెత్తి చూడవలసినదిగా మనవి.