రాళ్లేరిన దినం

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లల్ల పిల్లలు బిట్లు బట్టీపడుతుంటరు. చార్మినార్ కట్టించింది ఎవరు? మహమ్మద్ కులీ కుతుబ్‌షా, 1591. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ తెరిచింది ఎప్పుడు? 1939, ఏడో నిజాం కాలం. సరిగ్గ రాస్తే ఒక మార్కు. ఆ కాలేజీ రాయి కొట్టిందెవరు అనే బిట్టు నేనెక్కడా చూడలేదు. నేను గూడ అక్కడ రెండేండ్లు చరిత్ర పాఠం చెప్పినోన్నే. నేనూ అడగలేదు.

మాది పాలమూరు మాదిగ కుటుంబం. తాత నాగార్జునసాగర్ కట్టకు రాళ్లు మోసిండు. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిండు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. అది రాతికట్టడం, అంటే మనుషుల చేతులతోని, నెత్తులతోని లేచింది. ఆ కాలువల నీళ్లు మా పాలమూరుకు రాలె. నాయిన పట్నమొచ్చి ఎల్బీనగర్ అవతల గుట్టల్ల ఒక క్వారీల కూలికి కుదిరిండు. వడ్డెరోళ్లు ఉలి, సమ్మెట పట్టేది. మంటపెట్టి బండను పొరలు పొరలుగ లేపే విద్య వాళ్లదే. మాది తట్ట మోసుడు, ట్రాక్టర్ నింపుడు. కడుపు కాలేది ఇద్దరికీ ఒక్కతీరే, తాగే నీళ్ల కుండలు మాత్రం వేరు. ఈ ముచ్చట దాచి రాసుడు నాకు ఇష్టం లేదు.

1987 సంక్రాంతి సెలవులు. నేను హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన, పదో తరగతి. సైన్సు సారు తీరుతీరు రాళ్లు ఏరుకరమ్మన్నడు. "ఏం రాళ్లురా కొడుకా, రాళ్లల్ల బతికెటోళ్లకు రాళ్లు ఏరుడా!" అని నాయిన నవ్విండు. నవ్వు సగంల దగ్గు అయింది. అప్పటికే ఆయన దగ్గు మాకు గడియారమోలె అలవాటైంది.

ముందటి దినం మందుపెట్టి పేల్చిన్రు. కొత్తగ విరిగిన బండ ముఖం ఎండకు మెరుస్తున్నది. నాయినకు పుస్తకం పేర్లు రావు గని రాయి తెలుసు. తెల్లటిది పలుగురాయి. పొరలు పొరలుగ లేచేది కాకిబంగారం, పుస్తకంల అభ్రకం. ఎర్రగ, నున్నగ పలకలోలె పగిలేది ఫెల్స్‌పార్ అని నాకు తర్వాత తెలిసింది. మాపటికల్లా లావుపాటి పలుగు చారల నడుమ ఒక ముక్క దొరికింది, వంకాయ రంగుది, నా గుప్పిట్ల పట్టేంత. నాయిన దాన్ని ఉమ్మితోని తుడిచి ఎండకు పట్టి చూసిండు. ఇన్నేండ్లల్ల ఇటువంటిది రెండుసార్లే చూసిన్నన్నడు.

అదే టైంకు ఒక కాలేజీ బస్సు వచ్చింది. చిన్న సుత్తెలు, సంచులు, టోపీలు. పెద్ద సారు నా చేతిల రాయి చూసి ఆగిండు. ఫ్లోరైట్, గ్రానైటుల ఇంత మంచి ముక్క దొరుకుడు అరుదన్నడు. ఈ బండ వయసు దాదాపు 250 కోట్ల ఏండ్లని చెప్పిండు. మంచిగనే మాట్లాడిండు, అబద్ధమెందుకు. అడిగితే నాయిన సగం పగలగొట్టి ఇచ్చిండు. పైసలిస్తానంటే, "వద్దు సారూ, మా పోరనికి సదువు చెప్పే సార్లసొంటోళ్లే మీరు" అన్నడు.

నాలుగేండ్లకు డిగ్రీల ఉన్నప్పుడు ఆ కాలేజీకి పోయిన. అద్దాల బీరువల వంకాయ రంగు ముక్క. కింద కాగితం మీద రాయి పేరు, ఊరు, 1987, సేకరించినవారు అని సారు పేరు. నాయిన అడిగిండు, "పెట్టిన్రా మన రాయి?" పెట్టిన్రన్న. "పేరు రాసిన్రా?" రాసిన్రన్న.

ఆ రాయి సంగతి ఇంకొకటున్నది. మా అమ్మ పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. మేనమామ నలభై ఏండ్లకే నడుం వంగి, కట్టెపట్టుకొని నడిచిండు. గ్రానైటులోని ఫ్లోరైట్, అపటైట్, అభ్రకం కరిగి బాయిల నీళ్లల్ల ఫ్లోరైడ్ కలుస్తది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటది ప్రమాణం. అక్కడి బోర్లల్ల అంతకు ఎన్నో రెట్లు. అద్దాల బీరువల అందమైన రాయే మా మామ ఎముకలల్ల దిగింది.

నాయిన రొమ్ముల దిగింది పలుగు. గ్రానైటుల ఐదో వంతుకు తక్కువ కాకుండ పలుగే ఉంటది. దాని సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల గట్టిపడితే సిలికోసిస్, మందు లేని రోగం. ఎక్స్‌రేల అది టీబీలెక్కనే కనపడుతది. దవాఖానల టీబీ అనే రాసిన్రు, పని ఏందని ఎవ్వరడగలె. ఆ ఒక్క మాటల చాలా ఉన్నది. కార్మిక పరిహార చట్టం జాబితాల సిలికోసిస్ ఉండె. టీబీ అంటే అది పేదోని రోగం, గుత్తేదారు చేతులు కడుక్కుంటడు. పైగ మా పేర్లు ఏ మస్టరుల లెవ్వు. 1994ల నాయిన పోయిండు. సర్టిఫికెట్ మీద గూడ టీబీనే.

ఆ గుట్ట ఇప్పుడు లేదు, ఇండ్లయినయి. 2018 సెప్టెంబర్ నుంచి అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో నడుస్తున్నది. దిల్‌సుఖ్‌నగర్‌ల ఎక్కితే ఎల్బీనగర్ కొద్ది నిమిషాలే. ఆ దారి నాయిన తెల్లారకముందు నడిచే పొయ్యేటోడు, బస్సు పైసలు మిగులుతయని.

మిగిలిన సగం రాయి మా ఇంట్లనే ఉన్నది. అమ్మ దాన్ని ఉప్పు డబ్బ మూత మీద బరువుకు పెడుతది.