సిమెంటు వచ్చింది, ఉద్యోగాలు ఎందుకు రాలేదు?

మన కోదాడ నుంచి మేళ్లచెరువు వైపు బండి మీద పోతుంటే సిమెంటు ఫ్యాక్టరీలు కనిపిస్తాయి కదా. ఆ సున్నపురాయి కోట్ల ఏళ్లుగా ఇక్కడే ఉంది. మరి దేశమంతా సిమెంటు కొరత ఉన్న రోజుల్లో ఫ్యాక్టరీలు ఎందుకు పెరగలేదు?

1951 చట్టం ప్రకారం పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నది పెంచాలన్నా ఢిల్లీ లైసెన్సు కావాల్సి వచ్చేది. సిమెంటు ధర కూడా ప్రభుత్వమే నిర్ణయించేది. లాభం కనపడకపోతే పెట్టుబడి ఎవరు పెడతారు? సరుకేమో బ్లాకులో అమ్మేవాళ్లు. 1980 వరకు మూడు దశాబ్దాలు దేశం ఏటా సగటున 3.5 శాతం దగ్గరే పెరిగింది. జనాభా 2 శాతానికి పైగా పెరిగింది. ఇక తలసరి మిగిలింది ఒకటిన్నర లోపే.

1982లో సిమెంటు ధర మీద పట్టు కొంత వదిలారు, 1989లో పూర్తిగా. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం చాలా పరిశ్రమలకి లైసెన్సే తీసేసింది. కొరత పోయింది.

కానీ ఉద్యోగాలు? అసలు పాయింట్ ఇదే. కొత్త ప్లాంటుని కంట్రోల్ రూంలో కూర్చుని కొద్దిమందే నడిపేస్తారు. లైసెన్సులు తీస్తే సరుకు పెరిగింది, పని మాత్రం దానంతట అది పెరగలేదు. అందుకే బీటెక్ చేసిన నాలాంటోళ్లు హైదరాబాద్ బస్సు ఎక్కారు. ఈసారి ఎవరైనా "ఫ్యాక్టరీ వస్తోంది" అంటే, ఎన్ని టన్నులు అని కాదు, ఎంతమందికి పని అని అడగండి.