టర్బోచార్జర్ వైఫల్యం (డీజిల్ కార్లలో)

ఇంజిన్ వదిలే పొగ వేగంతో టర్బైన్‌ను తిప్పి, అదే ఇరుసుకున్న రెండో చక్రంతో గాలిని ఒత్తిడిగా సిలిండర్లలోకి నెట్టే పరికరం టర్బోచార్జర్. స్విస్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో దీనికి పేటెంట్ పొందాడు. డీజిల్ కారులో ఇది 1978లో మెర్సిడెస్ 300ఎస్‌డీతో వచ్చింది. ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ పలుచని నూనె పొర మీద తేలుతుంది. అందుకే టర్బో చెడిందంటే ముందు అనుమానించాల్సింది నూనెనే: మురికి నూనె, ఆలస్యమైన మార్పిడి, మసి పట్టి మూసుకుపోయిన నూనె గొట్టం.

బండి లాగకపోవడం, నల్లపొగ, ఈల లాంటి మోత గమనించగానే టర్బో విప్పకూడదు. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం చీలినా, టర్బో ఒత్తిడిని నియంత్రించే యాక్చువేటర్ మసికి బిగుసుకున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. నీలిపొగ వస్తే నూనె కాలుతున్నట్టు. గాలి గొట్టం తీసి ఇరుసును వేళ్లతో కదిపి చూడాలి: పక్కలకు కొద్దిపాటి కదలిక సహజం, ముందువెనకలకు తెలిసేలా ఊగినా, రెక్కలు గోడకు రాసుకున్నా అది అరిగినట్టే. నూనె విపరీతంగా లోపలికి కారితే ఇంజిన్ దాన్నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తవచ్చు. ఇది నిజంగా ప్రమాదకరం.

మరమ్మతులో బ్యాలెన్స్ చేసిన కొత్త కార్ట్రిడ్జ్ (ఇరుసు, చక్రాలు, బేరింగులు ఉన్న మధ్యభాగం) వేస్తారు. నూనె గొట్టం, ఫిల్టర్, నూనె మార్చి, ఇంటర్‌కూలర్‌లో నిలిచిన నూనెను కడగాలి. ఈ పని ఎగ్గొడితే కొత్త టర్బో కూడా త్వరగానే పోతుంది. స్టార్ట్ చేసేముందు బేరింగులోకి నూనె పోయడం తప్పనిసరి.