80 డాలర్ల జనరల్

1884 మే 6, మంగళవారం. చంకకర్రల మీద నెమ్మదిగా వాల్ స్ట్రీట్‌లోని తన కంపెనీ ఆఫీసుకు వచ్చాడు యులిసిస్ గ్రాంట్. కిందటి క్రిస్మస్ ముందురోజు మంచు మీద జారిపడి దెబ్బతిన్న కాలు ఇంకా కుదుటపడలేదు. ఎదురొచ్చిన కొడుకు ఒక్కముక్కలో చెప్పాడు: అంతా పోయింది, ఇంటికి వెళ్లిపొమ్మని.

కొడుకుతో కలిసి ఆ వ్యాపారం నడిపినవాడు ఫెర్డినాండ్ వార్డ్ అనే కుర్రవాడు. కొత్తవాళ్ల సొమ్ము తెచ్చి పాతవాళ్లకు లాభమని పంచడమే వాడి విద్య. బోర్డు తిప్పేసిన చిట్టీల కంపెనీలను చూసిన మనకు వేరే వివరణ అక్కర్లేదు. రెండు రోజుల ముందు, ఆదివారం పూట, వాడు ఇంటికొచ్చి ఒక్క రోజు సర్దుబాటుకని అడిగితే గ్రాంట్ కుంటుకుంటూ వెళ్లి కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ దగ్గర 1,50,000 డాలర్లు చేబదులు తెచ్చి ఇచ్చాడు. మంగళవారం సాయంత్రానికి లెక్క చూసుకుంటే ఆయన దగ్గర మిగిలింది 80 డాలర్లు. భార్య జూలియా దగ్గర మరో 130.

వయసు 62. అమెరికా అంతర్యుద్ధాన్ని గెలిపించిన సేనాని, రెండు విడతలు అధ్యక్షుడు. పింఛను? లేదు. మాజీ అధ్యక్షులకు పింఛను ఇచ్చే చట్టం 1958లో గానీ రాలేదు. సైన్యంలోనే ఉండిపోయి ఉంటే బతికినంతకాలం జీతం వచ్చేది. దాన్ని 1869లో శ్వేతసౌధం కోసం వదులుకున్నాడు.

అప్పు మాఫీ చేస్తానని వాండర్‌బిల్ట్ అన్నా ఒప్పుకోలేదు. యుద్ధంలో వచ్చిన కత్తులు, పతకాలు, దేశదేశాల కానుకలు అన్నీ ఆయన పేర రాసిచ్చేశాడు. ముక్కూమొహం తెలియని ఒకాయన 500 డాలర్ల చెక్కు పంపాడు. 1865 ఏప్రిల్‌తో ముగిసిన సేవల తాలూకు బాకీ కింద జమ కట్టుకోమన్నాడు. ఆ వేసవిలో ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఇలాంటి చెక్కులతోనే.

అప్పుడు ‘సెంచురీ’ పత్రికకు ఒప్పుకున్నాడు. యుద్ధాల మీద వ్యాసాలు, ఒక్కోదానికి 500 డాలర్లు. మొదటిది షైలో యుద్ధం. రాసి పంపాడు. అది పైఅధికారికి పంపే నివేదికలా ఉంది, చప్పగా. పత్రిక సంపాదకుల్లో ఒకరైన జాన్సన్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. బాగాలేదని జనరల్‌తో అనేదెలా? నేరుగా వెళ్లి ఆయన ఎదుట కూర్చుని కబుర్లు మొదలుపెట్టాడు. ఆ కబుర్లలో అసలు సరుకు బయటపడింది. రక్తం చూడలేడట ఆయన. సరిగ్గా ఉడకని మాంసం ముట్టలేడట. షైలోలో మొదటిరోజు రాత్రి కుండపోత వానలో, వాచిన చీలమండతో ఒక చెట్టుకింద పడుకున్నాడు. నొప్పికి నిద్రపట్టక దగ్గర్లోని దుంగల ఇంట్లో తలదాచుకుందామని వెళ్తే అక్కడ డాక్టర్లు గాయపడినవాళ్ల కాళ్లూ చేతులూ కోసేస్తున్నారు. నిలబడలేక మళ్లీ ఆ వానలోకే వచ్చేశాడు.

ఇదంతా రాయదగ్గ విషయమని ఆయనకు తట్టనే లేదు. రిటైరైన మనిషికి తన దగ్గరున్న సరుకు ఏమిటో తెలియకపోవడం కొత్తేమీ కాదు. కొనేవాడికి మాత్రం వెంటనే తెలుస్తుంది. వ్యాసం మళ్లీ రాశాడు. ఈసారి చేతిలో కలం ఆడింది.

ధర సంగతీ అంతే. ఆత్మకథ మొత్తం వేస్తామని అదే పత్రికవాళ్లు పదిశాతం రాయల్టీకి ఒప్పందం తెచ్చారు. 1884 నవంబరులో సంతకం ఒకటే తరువాయి అన్న దశలో రచయిత మార్క్ ట్వెయిన్ చెవిన పడింది. మర్నాడే ఆ ఇంటికొచ్చి కాగితాలు చదివి నివ్వెరపోయాడు. తన సొంత ప్రచురణ సంస్థలో వేసి, నికర లాభంలో 70 శాతం ఇస్తానన్నాడు. గ్రాంట్ మొహమాటపడ్డాడు. ముందు అడిగినవాళ్లను కాదంటే నమ్మకద్రోహం కాదా అని ఆయన బాధ. అలాగైతే ముందు అడిగింది నేనే, మూడేళ్ల కిందటే రాయమని పోరు పెట్టలేదా అని గుర్తుచేశాడు ట్వెయిన్. వార్డ్ మాట విన్నంత తేలిగ్గా ఈ మాట వినలేదాయన. మూడు నెలలు ఆలోచించి, 1885 ఫిబ్రవరిలో సంతకం పెట్టాడు.

అప్పటికే గొంతులో క్యాన్సర్. వేసవిలో పీచ్ పండు కొరికినప్పుడు నిప్పు మింగినట్టు మండిన చోటే. పడుకుంటే ఊపిరాడదు గనుక రెండు తోలు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని, ఒకదాంట్లో కూర్చుని రెండోదానిమీద కాళ్లు చాపి రాత్రుళ్లు గడిపేవాడు. గొంతుకు కొకైన్ ద్రావణం పూసేవారు. ఉపశమనం దొరికినంతసేపు పేజీలు సాగేవి. మొదట చెప్పి రాయించాడు. గొంతు పోయాక పెన్సిల్ పట్టాడు. డాక్టరుతో మాట్లాడాలన్నా చీటీయే. మార్చిలో అమెరికా కాంగ్రెస్ ఆయన సైనిక హోదాను, జీతాన్ని తిరిగి ఇచ్చింది. అయినా పెన్సిల్ కింద పెట్టలేదు. తను పోతే ఆ జీతం ఆగుతుంది. పుస్తకం ఆగదు.

మరోపక్క ట్వెయిన్ ఏజెంట్లు ఊళ్లమీద పడ్డారు. చాలామంది మాజీ సైనికులు. పాత యూనిఫారం తొడుక్కుని, జనరల్ పుస్తకమండీ అని గుమ్మంలో నిలబడితే కాదనేదెవరు? అచ్చుకాకముందే లక్ష సెట్లకు పైగా ఆర్డర్లు వచ్చేశాయి. మౌంట్ మెక్‌గ్రెగర్ కొండమీద కుటీరంలో ఉన్న జనరల్‌కు ఆ కబురు తెచ్చింది ట్వెయినే.

జూలై నడిమికి చివరి దిద్దుబాట్లు అయ్యాయి. 23వ తేదీ ఉదయం 8 గంటల 8 నిమిషాలకు జనరల్ కన్నుమూశాడు. పెద్దకొడుకు ఫ్రెడ్ గడియారం ఆపేశాడు. ఆ కుటీరంలో అది ఇప్పటికీ అలాగే ఉంది. రెండు కుర్చీలూ ఉన్నాయి.

1886 ఫిబ్రవరిలో జూలియాకు మొదటి చెక్కు అందింది. 2,00,000 డాలర్లు. మొత్తమ్మీద ఆవిడకు ముట్టింది నాలుగు లక్షలు దాటింది.

ట్వెయిన్ సంగతి వేరే. అదే ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసింది. అప్పులవాళ్లకు పైసాతో సహా కడతానని, అరవయ్యో ఏట, ఊరూరా హాస్య ప్రసంగాలు చేస్తూ ఓడెక్కాడు. 1896 జనవరిలో బొంబాయిలో దిగాడు, దగ్గుతూ.