మజిలీ కథల నుంచి తోకచుక్క దాకా

తెలుగు నవల చరిత్ర అనగానే 1878 నాటి కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ దగ్గర మొదలుపెట్టి, సంఘ సంస్కరణ వెంటే నడవడం మనకు అలవాటు. ఆ దారి గొప్పదే. కానీ ఊహాకల్పనల మీద మన పాఠకుల మక్కువ అంతకంటే పాతది. దానికి వయసు హద్దులు పెట్టింది తర్వాతి విమర్శకులే తప్ప చదివేవాళ్లు కాదు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన పురాణాన్ని అరువు తెచ్చుకోకుండా ‘కళాపూర్ణోదయం’ కథను సొంతంగా అల్లాడు. బ్రహ్మ సరస్వతికి వినోదంగా చెప్పిన కథ భూమ్మీద నిజమైపోతుంది! రాసింది పద్యంలో అయినా ఆ కథ నడక నవలదే.

మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా వెలువరించిన ‘కాశీమజిలీ కథలు’ ఊహాకల్పనలకు వయసు హద్దులు లేవనే మాటకు గట్టి సాక్ష్యం. కాశీకి నడిచి వెళ్లాలనుకున్న మణిసిద్ధుడికి తోడు కావాలి. వస్తానన్నవాడు గోపడనే పశువుల కాపరి కుర్రాడు. వాడిదొకటే షరతు: దారిలో తాను చూసిన వింత గురించి మజిలీ మజిలీకీ కథ చెప్పాలి, లేకపోతే వెనక్కి పోతానంటాడు. శాస్త్రాలు చదివిన పెద్దాయన, అక్షరం రాని పిల్లవాడు ఒకే కథను పంచుకుంటారు. పైగా ఏ కథ కావాలో తేల్చేది వినేవాడే. జానపద కథల మీద పెద్దలకు ఆసక్తి లేదనుకుంటే, ఈ కథల ఊతంతో 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’కి అంత జనం ఎందుకు వెళ్లారో చెప్పడం కష్టం.

ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి 1947లోనే ‘చందమామ’ మొదలుపెట్టారు. 1954 నుంచి అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’ వంటి సీరియళ్లు వరసగా వచ్చాయి. వాటి మీద రచయిత పేరు ఉండేది కాదు. అయినా ‘తోకచుక్క’లోని సమరసేనుడి ఓడలు, మాంత్రికులు ఏకాక్షి, చతుర్నేత్రుల పోరు, వాటికి చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు చదివినవాళ్ల మనసులో నిలిచిపోయాయి. అవి పిల్లల పత్రికలోవేగా అనవచ్చు. పిల్లలకు తెచ్చిన సంచికను పెద్దలూ చదివేవారు. దశాబ్దాల తర్వాత ఆ సీరియళ్లు పుస్తకాలుగా వస్తే కొనుక్కున్నదీ, చిన్నప్పుడు వాటిని చదివి పెద్దవాళ్లయినవాళ్లే.

మాంత్రికుల కథలు జనాన్ని వాస్తవం నుంచి తప్పిస్తాయి, మూఢనమ్మకాలు పెంచుతాయి అనేది దీనికంటే బరువైన అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఆ సీరియళ్లు వచ్చిన కాలంలో ‘చందమామ’ను నడిపించింది కొడవటిగంటి కుటుంబరావు. ‘చదువు’ వంటి వాస్తవిక నవల రాసిన హేతువాది, మార్క్సిస్టు. మూఢనమ్మకాలను జీవితమంతా ఎదిరించిన మనిషి ఆ కథలకు చోటిచ్చాడంటే, ఊహకూ నమ్మకానికీ తేడా పాఠకుడికి తెలుసని ఆయన గ్రహించాడనే నేను అనుకుంటాను. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’లో గుర్రపు తల గంధర్వుణ్ణి లండన్‌లో పడేసింది కూడా పిల్లల్ని నవ్వించడానికి కాదు, వలస పాలకుల విజ్ఞాన గర్వాన్ని ప్రశ్నించడానికి.

గ్రంథాలయాల్లో ఈ పుస్తకాలను బాలసాహిత్యం బీరువాకే పరిమితం చేయకండి. నవలల వరసలో, ‘చదువు’ పక్కనే పెట్టండి.