ఉలి, యంత్రము, ఉపాసన

క్రీ.శ. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామలింగేశ్వరాలయమును నిర్మించెను. రామప్ప గుడిగా ప్రసిద్ధమైన దానిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. అచటి నల్లరాతి మదనికలను మలచినది ఉలి.

1998లో హైదరాబాదు మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నేడు ఆ ప్రాంతమున మన బిడ్డలు నడుపు కంప్యూటరే అన్యత్ర శిల్పమును చెక్కించుచున్నది. లేజర్ కాంతి విగ్రహముపై ప్రసరించి లక్షలాది బిందువుల స్థానములను అంకెలుగా భద్రపరచును. వాని ననుసరించి సి.ఎన్.సి. యంత్రము రాతిని తొలచును.

ఇది శాస్త్రవిరుద్ధమా? శిల్పశాస్త్రమునకు ప్రమాణమే పునాది. నవతాలమూర్తికి తాలమునకు 12 చొప్పున 108 అంగుళములు. స్థపతి దారముతో కొలిచినదానినే యంత్రము కాంతితో కొలుచుచున్నది. కొలతలో దోషము లేదు.

అయినను యంత్రము ఉన్నదానినే అనుకరించును. విరిగిన ముక్కును విరిగినట్లే చెక్కును. లేనిదానిని ధ్యానమున దర్శించి రాతిలో నిలుపువాడు శిల్పి. ప్రతిష్ఠకు ముందు నయనోన్మీలనమునకును అతని హస్తమే కావలెను.

2022 మార్చి 28న పునఃప్రారంభమైన యాదగిరిగుట్ట ఆలయమునకు కృష్ణశిలను వందలాది శిల్పులు చెక్కిరి. ఆ చేతులకు పని లేకున్న, రేపు యంత్రమునకు చూపుటకు మూలమే మిగులదు. కావున జీర్ణశిల్పముల కొలతలు భద్రపరచుటకు యంత్రమును వాడుడు. మూలమూర్తిని మాత్రము స్థపతికే అప్పగింపుడు. స్వస్తి.