కాటన్ క్లబ్‌కీ లైబ్రరీకీ మధ్య ఏడు వీధులు

(రెండు యుద్ధాల నడిమి కాలం - 4వ భాగం)



1918కీ 1939కీ మధ్య పశ్చిమ దేశాల సాంస్కృతిక చరిత్ర అనగానే మన క్లాసుల్లో పారిస్ కేఫులు, ఇలియట్, సర్రియలిజం గురించి చెప్తారు. తెలుగు ఎం.ఏ.లో నేనూ అదే చదివాను. అదే కాలంలో న్యూయార్క్‌లో హార్లెం అనే పేట ఉంది. అక్కడ నల్లవాళ్ళు ఏం రాశారో, ఇంటద్దె ఎలా కట్టారో మాకెవరూ చెప్పలేదు. అందుకే ఈ వారం హార్లెం.

1910 నుంచి 1940 దాకా సుమారు 15 లక్షల మంది నల్లవాళ్ళు అమెరికా దక్షిణాదిని వదిలి ఉత్తరాది నగరాలకు వచ్చేశారు. దక్షిణాదిలో తీరని కౌలు అప్పు, లేని ఓటు, తెల్లవాడికి ఎదురు మాట్లాడితే చెట్టుకు ఉరి. దానికి తోడు పత్తికి పురుగు పట్టింది. యుద్ధం వల్ల యూరప్ నుంచి కూలీలు రావడం ఆగి, ఉత్తరాది ఫ్యాక్టరీలకు మనుషులు కావలసి వచ్చారు.

వచ్చినవాళ్ళకు మిగతా పేటల్లో ఇల్లు ఇవ్వరు. కాబట్టి హార్లెంలో ఇంటి యజమాని ఎంత చెప్తే అంత అద్దె. కులం అడిగాక 'ఇల్లు ఖాళీ లేదు' అనే మాట విన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అద్దె కట్టడానికి వాళ్ళొక దారి కనిపెట్టారు. శనివారం రాత్రి గదిలో సామాను తీసేసి, పియానో వాయించేవాణ్ణి పిలిచి, వచ్చినవాళ్ళ దగ్గర తలా కొన్ని సెంట్లు వసూలు చేసేవాళ్ళు. తిండికీ దొంగసారాకీ వేరే డబ్బులు. పిలుపు కోసం చిన్న కార్డులు అచ్చు వేసేవాళ్ళు. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆ కార్డులను దాచిపెట్టాడు. ఫ్యాట్స్ వాలర్ లాంటి గొప్ప జాజ్ పియానిస్టులు అలాంటి ఇళ్ళలో వాయించినవాళ్ళే.

ఇక పేరు మోసిన చోటికి వద్దాం. లెనాక్స్ అవెన్యూ, 142వ వీధి మూల కాటన్ క్లబ్. నడిపింది ఓనీ మాడెన్ అనే తెల్ల గ్యాంగ్‌స్టర్. వేదిక మీద నల్లవాళ్ళు, బల్లల దగ్గర తెల్లవాళ్ళు. నల్లజాతి ప్రేక్షకులకు ప్రవేశం లేదు. పత్తి చేలలో వెట్టి చేసినవాళ్ళ మనవలు ఆడిపాడే చోటుకి 'పత్తి' అని పేరు, వెనక తోట బంగళా బొమ్మ. నాట్యం చేసే అమ్మాయిలు చామనఛాయ దాటకూడదు. 1927 డిసెంబరులో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం అక్కడ చేరింది. రేడియో ద్వారా ఆ సంగీతం అమెరికా అంతా వినిపించింది. ఆ సంగీతం గొప్పదే, కాదనను. కానీ సంగీతం నల్లవాళ్ళది, తలుపు తెల్లవాళ్ళది.

సాహిత్యంలోనూ ఇలాంటి తలుపులు ఉన్నాయి. జోరా నీల్ హర్స్టన్ మానవశాస్త్రం చదివి, దక్షిణాది తిరిగి తన వాళ్ళ కథలూ పాటలూ సేకరించింది. షార్లట్ ఆస్‌గుడ్ మేసన్ అనే ధనికురాలైన తెల్లావిడ 1927 డిసెంబరులో ఆమెతో ఒప్పందం రాయించుకుంది. నెలకు 200 డాలర్లు జీతం. సేకరించినదంతా మేసన్ సొత్తు. ఆమె అనుమతి లేకుండా వాడకూడదు. మన అమ్మమ్మల పాటలు ఎవరెవరి పేర్లతో పుస్తకాలయ్యాయో తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి.

ఇప్పుడు కాటన్ క్లబ్ నుంచి ఏడు వీధులు కిందికి నడుద్దాం. 135వ వీధిలో ప్రభుత్వ గ్రంథాలయ శాఖ. అక్కడి కథ ఆర్తురో షోంబర్గ్‌ది. 1874లో పోర్టోరికోలో పుట్టాడు. 'నల్లవాళ్ళకు చరిత్ర లేదు, వీరులు లేరు' అని చిన్నప్పుడు టీచర్ అన్న మాట ఆయన్ని వదల్లేదంటారు. న్యూయార్క్ వచ్చి బ్యాంకులో టపా విభాగంలో పనిచేశాడు. జీతంలో మిగిల్చి పాత పుస్తకాలు, చేతిరాతలు, బొమ్మలు కొన్నాడు. 1926లో కార్నెగీ సంస్థ ఇచ్చిన 10,000 డాలర్లతో గ్రంథాలయం ఆ సేకరణను తీసుకుంది. అందులో 5,000కు పైగా పుస్తకాలున్నాయి. అక్కడే క్యాథరిన్ లాటిమర్ అనే నల్లజాతి లైబ్రేరియన్ నల్లవాళ్ళ మీద వచ్చిన వార్తలన్నీ కత్తిరించి ఫైళ్ళు కట్టింది.

'కార్నెగీ డబ్బు కూడా తెల్లడబ్బే కదా?' అని మీరు అడుగుతారు. నిజమే. తేడా డబ్బు రంగులో లేదు, అధికారంలో ఉంది. మేసన్ డబ్బు హర్స్టన్ చేతిలోంచి కథల్ని లాక్కుంది. కార్నెగీ డబ్బు షోంబర్గ్ ఏరి కూర్చినదాన్ని హార్లెం మధ్యలో, హార్లెం పిల్లలకు అందేలా పెట్టింది. 1932 నుంచి 1938లో చనిపోయేదాకా ఆ సేకరణ బాధ్యత కూడా షోంబర్గ్‌దే.

1929లో మార్కెట్ కూలింది. సరదాకి హార్లెం వచ్చిన డబ్బు తిరిగి వెళ్ళిపోయింది. 1935 మార్చిలో హార్లెం మండింది. మరుసటి ఏడాది కాటన్ క్లబ్ తెల్లవాళ్ళ బ్రాడ్‌వేకి మకాం మార్చింది. లైబ్రరీ మాత్రం అక్కడే ఉంది. హార్లెంలో పేదింట పుట్టిన జేమ్స్ బాల్డ్విన్ చిన్నప్పుడు అక్కడే కూర్చుని చదివాడు. ఆ సేకరణ ఇవాళ్టికీ షోంబర్గ్ పేరుతో అదే పేటలో ఉంది.

బాబాసాహెబ్ 1913-16లో చదివిన కొలంబియా విశ్వవిద్యాలయం హార్లెం పక్కనే. ఆయన ముంబైలో రాజగృహ కట్టుకున్నప్పుడు పుస్తకాలకు చోటు చూసుకుని కట్టుకున్నాడు. అది ఊరికే జరిగింది కాదు.

పీహెచ్‌డీ రోజుల్లో ఆది ఆంధ్ర ఉద్యమం నాటి పత్రికల కోసం తిరిగాను. ఒక గ్రంథాలయంలో కేటలాగులో పేరుంది, అరలో సంచిక లేదు. ఇవాళ సాహిత్య ఉత్సవాల్లో మనకు ఒక సెషన్ ఇస్తున్నారు. వెళ్దాం, మాట్లాడదాం. కానీ ఆ వేదిక ఎప్పుడు ఎత్తేస్తారో నిర్ణయించేది మనం కాదు.

అందుకని విద్యార్థులకు ఒక పని. కారంచేడు, చుండూరు నాటి కరపత్రాలు, హాస్టల్ సావనీర్లు, జయంతి పాంప్లెట్లు, పాటల నోట్‌బుక్కులు మీ ఇళ్ళలో అటకల మీద ఉంటాయి. దించండి. వెనక పెన్సిల్‌తో తేదీ, ఊరు, వేసినవాళ్ళ పేరు రాయండి. ఫోటో తీసి ఒకచోట పెట్టండి. షోంబర్గ్ మొదలుపెట్టినప్పుడు ఆయన దగ్గర ఉన్నది ఒక గుమాస్తా జీతమే.

వచ్చే భాగంలో రైళ్ళలో పక్కలు పరిచిన నల్ల పోర్టర్ల యూనియన్ గురించి.

జై భీమ్.